లేబర్ అడ్డాకు నీడ గీసిన మా సునీల

మా సునీల పోరాడి గెలిచిన మొదటి పరీక్ష గేట్. 2011 మార్చిలో ఆ ఫలితం వచ్చింది. అంతకు ముందు ఆమె పాసైన పరీక్షలు చాలా ఉన్నాయి. పదో తరగతిలో మండలంలో రెండో స్థానం, ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసు, హైదరాబాద్‌లో అయిదేళ్ల బి.ఆర్క్. అవన్నీ ఆమెకు రోడ్డు మీద నడిచినంత తేలిగ్గా వచ్చాయి. గేట్ అట్లా రాలేదు. 2010 ఫిబ్రవరిలోనే మొదటిసారి రాయాల్సింది. తెలంగాణ ఉద్యమం రోజులు కావడంతో హాస్టల్ ఖాళీ చేయించి పంపించారు, పిల్ల తండాకు వచ్చి ఉంది. పరీక్ష ముందురోజు ఎల్లారెడ్డి బస్టాండులో పొద్దున నిలబడితే సాయంత్రం దాకా ఒక్క బస్సు కదలలేదు. హాల్‌టికెట్టు చేతిలో పట్టుకొని తిరిగొచ్చింది. తర్వాత ఏడాదంతా హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో ఇతరుల ఇండ్లకు ప్లాన్లు గీస్తూ, మధ్యాహ్నం అన్నం తినే గంటలో పుస్తకం తెరిచి చదివి, రెండోసారి రాసి గెలిచింది. ఆ గెలుపు మీదే పుణెలో ఒక కాలేజీలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ ఎం.ఆర్క్ సీటు దొరికింది.

నేను ఆమెకు పెద్దబాపును, వాళ్ల నాన్నకు అన్నను. పేరు బాల్‌సింగ్, బయట అందరూ నాయక్ అంటారు. ఎల్లారెడ్డి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. ఆ రోజుల్లో మా రాళ్లకుంట తండాలో అంత చదివినవాడు ఇంకొకడు లేడు. తండాకు బడి మంజూరు చేయించింది నేను. మొదటి బోరు వేయించింది నేను. లింగంపేట రోడ్డు మీద మా మలుపు దగ్గర బస్సు ఆగేటట్టు చేసింది కూడా నేనే, దానికి డిపో చుట్టూ రెండేళ్లు తిరిగాను. ఇవి నేను చెప్పకపోతే ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను. అయితే ఇవన్నీ ఒక ఎత్తు, సునీల ఒక్కతే ఒక ఎత్తు. మా తండా నుంచి పీజీకి పోయిన మొదటి మనిషి ఆమే, ఆడగాని మగగాని. ఇంట్లో మేం మా లంబాడీ మాటలోనే మాట్లాడుకుంటాం. ఇక్కడ దాన్ని తెలుగులో రాస్తున్నాను, యాడి అన్న మాట తప్ప. యాడి అంటే తల్లి. ఆ పిలుపు మార్చడానికి నాకు మనసు రాలేదు.

సునీల తండ్రి భీమ్‌సింగ్, తల్లి మోతి. వానాకాలంలో మక్క వేస్తారు. దసరా దాటగానే లారీ ఎక్కి మహారాష్ట్రకు చెరుకు నరకడానికి పోతారు. తిరిగొచ్చాక తునికాకు పని ఉంటుంది. బీడీలు చుట్టే ఆకు అదే. అడవిలో తునికి పొదలను ఏటా శివరాత్రి రోజుల్లో నేలమట్టంగా నరికితే కొత్త చిగురు వేసి, ఎండాకాలం నడుమ మెత్తటి ఆకు ఇస్తాయి. దాన్ని కొమ్మకొట్టడం అంటాం. మోతికి ఆ పని చిన్నప్పటి నుంచి చేతిలో ఉంది. ఒక్క దెబ్బకు, చీలిక లేకుండా కొడుతుంది.

సునీల చదువు ఏమిటో అప్పట్లో ఎవరికీ తెలియదు. నేను ఇట్లా చెప్పేవాణ్ణి: బస్తీలో ఇండ్లు పోగా జాగా మిగులుతుంది గదా, రోడ్డు పక్కన, మోరీ గట్టున, ఆఫీసు ముందర. అక్కడ వాన నీళ్లు ఎటు పారాలి, ఏ చెట్టు ఎక్కడ పెరగాలి, మనిషి ఎక్కడ కూర్చోవాలి, ఇవన్నీ కొలిచి గీసే చదువు. ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం నడిపే నర్సింహులు విని, నలుగురి ముందు నవ్వాడు.

"అయితే మాలీ పని అన్నట్టు. దానికి పుణె దాకా పోవాల్నా నాయక్? మా దొడ్లె గడ్డి మస్తు పెరిగింది, సెలవులకు వస్తే తోలియ్యి."

"తోలిస్త. నీ దుకాణం ముంగట ఏడాది పొడుగూత మురుగు నిలుస్తది గదా, అదెట్ల పోవాల్నో గీసిస్తది. ముందుగాల ఫీజు కట్టి పెట్టుకో" అన్నాను.

నర్సింహులు ఆ మురుగు మీద వేసుకున్న రాళ్ల మీంచే దాటి లోపలికి పోయాడు.

పుణెలో మొదటి ఏడాది ఆమెకు బాగా కష్టమైంది. తోటివాళ్లు పెద్ద నగరాల పిల్లలు. వాళ్లకు పార్కులు, ఫౌంటెన్లు చిన్నప్పటి నుంచి తెలుసు. మనది పది దాకా తెలుగు మీడియం. గీసిన దాన్ని పంతుళ్ల ముందు గోడకు అంటించి, నిలబడి, ఇంగ్లీషులో వాదించి నిలబెట్టుకోవాలి. దాన్ని జ్యూరీ అంటారు. మొదటి జ్యూరీలో నోరు పెగల్లేదట. అయినా రెండో సెమిస్టరుకు ఆ పిల్ల ఏం చేసిందో చూడండి. ఒక గుట్ట వాలు ఇచ్చి, దాన్ని గీయమన్నారు. అందరూ సర్వే మ్యాపు చూసి గీస్తే ఈమె వానలో తడుస్తూ ఆ గుట్ట మీద నీళ్ల వెంబడి నడిచి, ఏ ధార ఎక్కడ మలుపు తిరుగుతుందో చూసి గీసింది. ఆ ఏడు కాలేజీ ప్రదర్శనలో ఆమె బొమ్మే పెట్టారు. ఆ ఫొటో మా ఇంట్లో అద్దం పక్కన ఉంది. వచ్చినవాళ్లకు చూపించకుండా నేను ఎవరినీ పంపను.

చివరి ఏడాది థీసిస్ రాయాలి. పెద్ద నగరాల జాగాలు అన్నీ వదిలిపెట్టి, కామారెడ్డి లేబర్ అడ్డాను తీసుకుంది. స్టేషన్ రోడ్డుకు పక్కగా, నాలా గట్టున ఉంటుంది ఆ అడ్డా. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి కూలికి వచ్చినవాళ్లు మేస్త్రి కోసం పొద్దున్నే అక్కడ నిలబడతారు. పని దొరకనివాళ్లు మిట్టమధ్యాహ్నం దాకా నిలబడే ఉంటారు. నీడ అంటే బషీర్ చాయ్ హోటల్ ముందు కట్టిన టార్పాలిన్ ఒక్కటే. చిన్నప్పుడు సునీల అక్కడే తల్లి మూట మీద కూర్చునేది. చాయ్ తాగనివాళ్లను బషీర్ లేపేవాడు. మోతి పిల్లను ఎండలోకి జరుపుకొని, తన కొంగు పిల్ల నెత్తి మీద పరిచేది.

ఆ నాలా గట్టు వెంబడి రాతి అరుగులు, వాటి వెనక కానుగ, వేప, నెమలినార చెట్ల వరుస గీసింది. గడ్డి లేదు, ఫౌంటెన్ లేదు. అక్కడ నీళ్లు పోసే మనిషి ఉండడు కాబట్టి, బషీర్ హోటల్లో గ్లాసులు కడిగిన నీళ్లు చిన్న కాలువలో పారి చెట్ల మొదళ్లకు అందేటట్టు చేసింది. గైడు మేడమ్ మెచ్చుకుంది కాని ఒక షరతు పెట్టింది. ఆ గట్టి నేలలో, ఆ నీళ్లతో మొక్క బతుకుతుందని కాగితం మీద రాస్తే సరిపోదు, నాటి, కొలిచి, చూపించాలి. థీసిస్ నిలిచినా, పోయినా ఆ మొక్కల మీదే.

మున్సిపాలిటీకి అర్జీ పట్టుకొని తిరిగింది నేను. అనుమతి తెచ్చింది నేను. 2012 జూలైలో, మొదటి వానలకు, తండా ఆడవాళ్లందరం పోయాం అనబోయాను, వాళ్లు పోయారు, నేను వెంట ఉన్నాను. మోతి ముందుండి గుంతలు తవ్వించింది. అడ్డా మీద నిలబడ్డ కూలివాళ్లు కూడా ఊరికే ఎందుకని పలుగు పట్టారు. సునీల ప్రతి మొక్కకు తగరపు బిళ్ల కట్టింది. నీళ్లు ఎట్లా పోయాలి, మేకలు రాకుండా ముండ్లకంప ఎట్లా కట్టాలి, చెద పడితే ఏం చేయాలి, అన్నీ బషీర్‌కు, తల్లికి చెప్పి పుణె పోయింది. సంక్రాంతి దాటేసరికి కొన్ని కానుగలు నా భుజం దాకా వచ్చాయి. బషీర్ కస్టమర్లకు వాటిని చూపించి, ఇది మా హోటల్ నీళ్ల మహిమ అనేవాడు.

2013 ఫిబ్రవరిలో చెరుకు తోటలో భీమ్‌సింగ్ కాలికి కత్తి తగిలింది. సీజను నడుమనే మొగుడు పెండ్లాలు తిరిగొచ్చారు. కామారెడ్డిలో దిగి, అతన్ని కట్టు కట్టించడానికి దవాఖానాలో కూర్చోబెట్టి, మోతి తనతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను తీసుకొని బిడ్డ మొక్కలు చూడడానికి పోయింది. చలికాలం చివర కదా, నెమలినారలు ఆకు రాల్చి ఉన్నాయి. కానుగలూ పసుపు పడ్డాయి. శివరాత్రి దగ్గరికి వచ్చింది. చెరుకు నరికే కత్తులు ముగ్గురి మూటల్లో ఉన్నాయి.

బషీర్ ఫోను చేసేసరికి నేను పెద్దకొడప్‌గల్‌లో ఒక పెండ్లిలో ఉన్నాను. అతనికి ఇంకా సంగతి అర్థం కాలేదు, పని బాగా అయిందని చెప్పడానికే చేశాడు.

"నాయక్‌సాబ్, మీ మరదలు వచ్చి మొక్కలన్ని సాఫ్‌గ కొట్టిపోయింది. ఇంక ఎండాకాలం మంచిగ గుబురు వస్తదట గదా?"

నా చేతిలో విస్తరి ఉంది. ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు.

తర్వాత నేను అతన్ని నిలదీస్తే అతను చెప్పిన మాట ఇది. "అమ్మనే స్వయంగ కొడుతుంటే నేనెట్ల చెయ్యి పట్టుకుంట? మీ చదువుల ఇదొక పద్ధతేమో అనుకున్న. ముగ్గురికి చాయ్ గూడ ఇచ్చిన."

సునీల పుణె నుంచి వచ్చింది. నేను, మోతి ఆమెతో అడ్డాకు పోయాం. ఒక్కొక్క మొదలు జానెడు ఎత్తున, నున్నగా, ఒకే దెబ్బతో తెగి ఉంది. కొట్టిన కొమ్మలను కూడా మోతి ఒక పక్కన కుప్ప వేసి పోయింది. సునీల మొదళ్ల వెంబడి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, ఒకదాని దగ్గర కూర్చుంది.

"యాడీ, నీకు కొట్టమని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పాలె? శివరాత్రి దగ్గరికొచ్చె, నువ్వు పుణెల ఉంటివి. కొమ్మ కొట్టకపోతే ఆకు సక్కగ రాదు గదా. నీ పరీక్ష చెడుతదని నేనే దిగి కొట్టిన. చూడు, ఒక్కటన్న చీలిందా?"

"ఇవి తునికి పొదలు కావు."

"ఏ చెట్టైతే ఏంది బిడ్డా, చిగురు పెట్టదా?"

"తునికికి భూమిలోపట ముసలి వేరుంటది యాడీ. ఎన్ని ఏండ్లు కొట్టినా లేస్తది. వీటికి నిండ ఏడాది గూడ లేదు."

 మోతి ఒక మొదలు ముందు వంగి, తెగిన చోట వేలు పెట్టి తడి ఉందా అని చూసింది. "మరి కొట్టొద్దని చెప్పకపోతివి" అంది. అది నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగింది. సునీల నీళ్ల సంగతి చెప్పింది, మేకల సంగతి చెప్పింది, చెద సంగతి చెప్పింది. నాటిన మొక్కను కొట్టొద్దని చెప్పాలని పుణెలో ఎవరికి తోస్తుంది? కొట్టకుండా వదిలేయాలని మోతికి ఎట్లా తోస్తుంది?

మార్చిలో మొదళ్ల పక్కల నుంచి రెండు రెండు ఆకులు లేచాయి. మోతి పని మానుకొని బస్సెక్కి కామారెడ్డికి పోయి, వాటి పక్కన కూర్చొని వచ్చేది. ఏప్రిల్‌లో బషీర్ హోటల్‌కే నీళ్లు కరువయ్యాయి. గ్లాసులు ఒకే బకెట్లో ముంచి తీసేవాడు. కాలువలోకి ఏం వస్తుంది? మోతి తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లు పోసేది. మే నెల ఎండకు చిగుళ్లు చాలా వరకు మాడిపోయాయి. నాలుగు కానుగలు మాత్రం మిగిలాయి, అవీ మోకాలి ఎత్తు గుబురులుగా.

ఆ నెలలోనే జ్యూరీ. మొక్కలేమయ్యాయని అడిగారు. నరికేశారని చెప్పింది. ఎవరు నరికారని అడిగారు. తెలియదంది.

ఆ ఒక్క అబద్ధం ఆమెను ముంచింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, అన్ని మొక్కలు నరికితే మున్సిపాలిటీకి ఎందుకు చెప్పలేదు, పోలీసులకు ఎందుకు చెప్పలేదు అని అడిగాడట.  ఫొటోల్లో ఉన్న నాట్లు ఎవరివో ఏం తెలుసన్నాడట. అసలు నాటనే లేదేమోనన్న అనుమానంతో థీసిస్‌ను తిప్పికొట్టారు. ఏడాదిలోపు ఇంకొక్క జ్యూరీకి మాత్రం అవకాశం ఉంటుంది. అది పోతే పేరు కొట్టేస్తారు. గేట్ పోతుంది, సీటు పోతుంది, మూడేళ్లు పోతాయి.

మాకు ఇదంతా అప్పుడు తెలియదు. ఇంకోసారి రమ్మన్నారని మాత్రం చెప్పి ఊరుకుంది. బొమ్మలు చుట్టిపెట్టిన పొడుగు డబ్బాను మక్కల గరిసె మీదికి విసిరింది, మళ్లీ దించలేదు. జూలైలో నేనే తండా ఆడవాళ్లను తీసుకుపోయి అడ్డాలో మళ్లీ మొక్కలు నాటించాను. ఆమె రాలేదు. మోతి వచ్చింది గాని కత్తి తేలేదు, పారతో ముండ్లకంప కొట్టబోయి చేతులు చీరుకుంది. భీమ్‌సింగ్ ఒకరోజు నా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, పిల్ల పళ్లెం ముంగట కూసుంటది, తినదు. పిలిస్తే పలుకుతది, మాట్లాడది. తల్లిని ఒక్క మాట అనది. తిట్టినా బాగుండు."

దసరా దాటాక లారీ వచ్చింది. చెరుకు నరకడానికి పోయేవాళ్లతో సునీల కూడా ఎక్కుతుంటే నేను లారీకి అడ్డం నిలబడ్డాను. తండాలో మొదటి పీజీ పిల్ల, గేట్ పాసైన పిల్ల, నెత్తి మీద చెరుకు కట్ట ఎత్తడానికి పోతుందా అని అరిచాను. ఆమె కిందికి దిగలేదు.

"అక్కడ ఎవ్వరు నన్ను ఇంగ్లీషుల అడగరు పెద్దబాపు" అంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను పక్కకు జరిగాను. ఆ నాలుగు నెలలు నేను ఎల్లారెడ్డి బజారుకు పోలేదు. నర్సింహులు అడిగితే ఏం చెప్పాలి? బీబీపేట సంబంధంవాళ్లు వచ్చి పిల్ల ఎక్కడుందని అడిగితే, పుణె దిక్కే ఉందన్నాను. దిక్కు మాత్రం అదే.

2014 ఫిబ్రవరిలో గైడు మేడమ్ నా ఫోనుకు చేసింది. సీటు కాగితాల్లో పెద్దవాళ్ల నంబరు అని నాది రాసి ఉందట. ఆమె హిందీలో మాట్లాడింది. నాకు బడి రోజుల ఉర్దూ ఉంది కాబట్టి అంతా అర్థమైంది. మే నెలలో జ్యూరీ, సునీల ఫోను ఎత్తడం లేదు. నాటిన మొక్కలు చావడం తప్పు కాదు, ఎందుకు చచ్చాయో నిజం రాస్తే దాన్నీ పనిగానే లెక్కగడతారు, ఆ పిల్ల ఏదో దాస్తున్నది, ఎవరినో కాపాడుతున్నది, ఎవరిని? అని అడిగింది.

నేను చెప్పలేదు. అది మోతి చెప్పాల్సిన మాట.

భీమ్‌సింగ్‌కు కబురు చేసి ముగ్గురినీ పిలిపించాను. మార్చి మొదట్లో వచ్చారు. సునీల మెడ నల్లబడి, అరచేతులు గట్టిపడి, పెన్సిలు పట్టే వేలికి గుడ్డ చుట్టి ఉంది. మేడమ్ మాటలు ఒక్కటీ వదలకుండా అందరి ముందు చెప్పాను. మోతి లేచి, గరిసె మీది డబ్బాను దించి, కొంగుతో దుమ్ము తుడిచి బిడ్డ ముందు పెట్టింది. తీసి చూపించమంది. సునీల ఒక పెద్ద కాగితం పరిచింది. అడ్డా అంతా పై నుంచి చూసినట్టు ఉంది అందులో. నాలా, అరుగులు, బషీర్ హోటల్, చెట్లకు గుండ్రటి గుర్తులు, అక్కడక్కడ నిలబడ్డ మనుషులు.

"మేం గుంతలు తవ్వింది ఏడ?" అంది మోతి.

సునీల వేలు పెట్టి చూపింది.

"నేను కొట్టింది?"

"అదే జాగ."

"కొట్టినట్టు దీంట్ల ఏడున్నది?"

"లేదు."

"నేనేడున్న?"

సునీల ముఖం తిప్పుకుంది.  చివరికి పిల్ల చెప్పింది, జ్యూరీలో ఏమడిగారో, తానేం చెప్పిందో, అన్నీ. తల్లి పేరు చెబితే ఆ గదిలో వాళ్లు నవ్వుతారని, చదువురాని తల్లి మొక్కలు నరికిందని చెప్పి మార్కులు అడుక్కోలేక తెలియదన్నానని చెప్పింది.

"నేను దొంగతనం చేసిన్నా?" అంది మోతి. గొంతు పెంచలేదు. "నన్ను దాస్తివి. దాస్తే నువ్వు దొంగవైతివి. నేనే వస్త. నా చెయ్యితోని కొట్టిన అని నేనే చెప్త."

"వాళ్లు నిన్ను లోపటికి రానియ్యరు యాడీ."

"బయట నిలబడి చెప్త."

"తెలుగు రాదు వాళ్లకు."

"మరాఠీ రాదా? ఇరవై ఏండ్ల సంది వాళ్ల చెరుకు నరుకుతున్న. మాతోని పని చేయించే ముకాదం తిట్లు గూడ నాకు వస్తయి."

భీమ్‌సింగ్‌కు నవ్వొచ్చింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో విన్న నవ్వు అది. సునీల నవ్వలేదు. కాగితం అంచు మీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది. కాని చుట్టి డబ్బాలో పెట్టలేదు.

ఏప్రిల్ నుంచి మా బడి గదిలో రెండు బల్లలు కలుపుకొని గీసింది. ఆ బడి నేను తెచ్చిన బడే. పొద్దున బస్సుకు కామారెడ్డి పోయి, మిగిలిన నాలుగు కానుగ గుబురులను, మేం మళ్లీ నాటిన మొక్కల్లో బతికినవాటిని కొలిచేది. అవి సగం కూడా లేవు. పైగా ఈ ఎండాకాలం కూడా నీళ్లు లేవు. అడ్డా మీద మనుషులు ఇప్పటికీ ఎండలోనే ఉన్నారు. ఆమె గీసిన చెట్టు ఒక్కటి కూడా ఇంకా ఎవరికీ నీడ ఇవ్వలేదు. ఇది నేను దాచి రాస్తే ఆమె నన్ను క్షమించదు. మొక్కలు ఎప్పుడు నాటింది, ఎవరు నీళ్లు పోసింది, ఎవరు ఏ పద్ధతిలో, ఎందుకు కొట్టింది, ఎన్ని చచ్చినవి, అన్నీ గీతల్లో పెట్టి ఒక కొత్త కాగితం చేసింది. కత్తి పట్టుకొని వంగి ఉన్న ఆడమనిషిని కూడా గీసింది. కింద తల్లి పేరు రాసింది.

రాసినదాన్ని గైడు మేడమ్‌కు పంపితే, ఆమె సంతోషంగా ఏమీ చెప్పలేదు. పోయినసారి అబద్ధం చెప్పినట్టు ఇప్పుడు ఒప్పుకున్నట్టే అవుతుందంది. పరీక్షకుడు ఈసారీ ఆయనే. ముందు అబద్ధం చెప్పిన మనిషి ఇప్పుడు చెప్పేది నిజమని ఆయన ఎందుకు నమ్మాలి? తల్లిని గదిలోకి రానివ్వడం తన చేతిలో లేదని, తలుపు దగ్గరే తేలుతుందని చెప్పింది. చూపించడానికి చెట్లు లేవు. ఉన్నది మోతి నోటిమాట ఒక్కటే.

పోయిన ఆదివారం తల్లీబిడ్డలు కామారెడ్డిలో రైలెక్కారు. స్టేషన్‌కు నేనూ భీమ్‌సింగూ పోయాం, బషీర్ కూడా హోటల్ వదిలిపెట్టి వచ్చాడు. ఆ మొక్కలకు నీళ్లు ఇచ్చిన మనిషిగా ఒక సాక్ష్యం కాగితం ఉర్దూలో రాయించి, వేలిముద్ర వేసి తెచ్చాడు. వాళ్లు చదువుతారో లేదో. మోతి కొత్త చీర కట్టలేదు, చెరుకుకు పోయే బట్టల్లోనే ఉంది. అడిగితే, వాళ్లకు నేనెవరో ముందుగాల తెల్వాలె గదా బావా అంది. సునీల కిటికీ పక్కన కూర్చొని బొమ్మల డబ్బాను రెండు మోకాళ్ల మధ్య పట్టుకుంది. రైలు కదిలేదాకా అది వదలలేదు, మాకు చెయ్యి ఊపలేదు.

ఈ నాలుగు మాటలు బుధవారం రాస్తున్నాను. రేపు జ్యూరీ. ఇందాక ఫోను చేస్తే మోతి ఎత్తింది. పిల్ల నిన్నటి నుంచి అన్నం ముట్టలేదంది. కాలేజీ గేటు కాపలావాడు ఈమెను కూలి మనిషి అనుకొని వెనక గేటుకు పొమ్మన్నాడట. నేను మా బిడ్డ పరీక్షకొచ్చిన అని చెప్పినా వినలేదట. రేపు ఇంకోసారి చెప్తానంది. భీమ్‌సింగ్ పొద్దున్నే కామారెడ్డి బస్సెక్కాడు, బిందె పట్టుకొని. ఆ నాలుగు కానుగలకు నీళ్లు పోసి వస్తానన్నాడు. 

మా తండాలో మొదటి పీజీ సునీలది అని నేను ఊరంతా చెప్పుకున్నాను. ఎల్లారెడ్డిలో చెప్పాను, డిపోలో చెప్పాను, నర్సింహులు దుకాణం ముందు చెప్పాను. అది రేపు నిలుస్తుందో, పోతుందో నాకు తెలియదు. పోతే ఇంకో జ్యూరీ లేదు. గది తలుపు దగ్గర మోతిని ఆపేస్తే ఆ పిల్ల ఒంటరిగా లోపలికి పోయి, తల్లి పేరు తన నోటితో చెప్పగలదా అన్నదే నా భయం. గెలిచినా ఓడినా ఇద్దరికీ తిరుగు టికెట్లు నేనే తీయించాను. వాళ్లు కామారెడ్డిలో దిగేది 2014 జూన్ 1, ఆదివారం.